పెన్సిల్ పట్టే సందు

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పాత బస్సు టికెట్ ఉండేది. ఆ ప్రయాణం ఎప్పుడో అయిపోయింది, మీది అక్షరాలు కూడా చెరిగిపోయాయి. బీరువా గానీ బల్ల గానీ పూర్తయ్యాక ఆ టికెట్ తీసి, రెండు చెక్కలు కలిసిన చోట అంచు ఆనించి లోపలికి తోసి చూసేవాడు. దూరకపోతే పని అయినట్టు. దూరిందంటే, బాగానే ఉందండీ అని ఇంటివాళ్ళు ఎంత మొత్తుకున్నా వినకుండా ఆ తలుపు ఊడదీసి భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు. తోటి వడ్రంగులు ఆయనకి బిగువు మేస్త్రి అని పేరు పెట్టారు. మొదట వెక్కిరింపుకే పెట్టారు. పని చేయించుకునేవాళ్ళు కూడా ఆ పేరు చెప్పే వెతుక్కుంటూ రావడం మొదలయ్యాక వెక్కిరించినవాళ్ళు నోరు మూసుకున్నారు.

నాది టింబర్ డిపో. మా నాన్న తర్వాత ఇరవై రెండేళ్ళుగా నేనే చూసుకుంటున్నాను. ఆడమనిషి కలప అమ్మడమేమిటని మొదట్లో మొహం తిప్పుకున్న మేస్త్రీలు చాలామంది ఉన్నారు, వాళ్ళ పేర్లు నాకు ఇప్పటికీ గుర్తే. బిగువు మేస్త్రి వాళ్ళలో లేడు. వచ్చిన మొదటిరోజే "చెల్లెమ్మా, చేవ చూపించు, పాల వద్దు" అన్నాడు. చెట్టు లోపలి గట్టి భాగం చేవ, బెరడుని ఆనుకుని తెల్లగా మెత్తగా ఉండేది పాల. ఆ తేడా నాకు తెలుసో లేదో చూద్దామని అలా అన్నాడని తర్వాత అర్థమైంది. నేను చూపించాను. అప్పటినుంచి ఆయన నాకు అన్నయ్య, ఆయన భార్య వదిన. డిపోలో సగం పని ఈ వరసల మీదే నడుస్తుంది.

చెక్కని కోసి, చిత్రిక పట్టి, అతికేదాకా మేస్త్రి పని. ఆ తర్వాత గరుకు కాగితంతో రుద్ది, రంగు పట్టించి, మెరుగు పెట్టడం వదిన పని. పెళ్ళయిన కొత్తలో సరదాకి మొదలుపెట్టిందట. ముప్పై ఏళ్ళు దాటినా ఆ సరదా తీరలేదు. రుద్దడం అయ్యాక ఆవిడ కళ్ళు మూసుకుని, వేళ్ళ వెనకవైపుతో చెక్కని నిమిరేది. ఎందుకు మూసుకోవడం అని ఒకసారి అడిగాను. "కన్నుదేముంది అమ్మాయ్, వెలుతురు ఎటు పడితే అటు నమ్మేస్తుంది" అంది. అంటూనే ఒకచోట ఆగి అక్కడ ఇంకో నాలుగుసార్లు రుద్దింది. నేను వంగి వంగి చూశాను, నాకక్కడ ఏమీ కనపడలేదు.

ఆ అలవాటే కొంప ముంచింది. ఆవిడ చూపు తగ్గుతోందని ఏడాది దాకా ఎవరికీ తెలియలేదు. చేతికి వచ్చిన పని చేతితో జరిగిపోతూనే ఉంది కదా. ఆవిడకి తెలుసో లేదో మరి. తెలిసినా చెప్పే మనిషి కాదు. చివరికి ఒక బట్టల బీరువా బయటపెట్టింది. రెండు తలుపులకీ రెండు వేరే డబ్బాల్లోంచి రంగు వేసింది. ఒకటి తేనె రంగు, ఇంకోటి వక్క రంగు. "ఇదేంటి మేస్త్రీ, ఒకటి సొంత కూతురు, ఒకటి సవతి కూతురునా?" అని ఇంటివాళ్ళు నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. మర్నాడే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. కంటి వెనక నరం ఎండిపోతోందని, పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. ఇంకో ఏడాదికి ఆవిడకి వెలుగుకీ చీకటికీ తేడా మాత్రం మిగిలింది.

అప్పుడు మేస్త్రి మంచి చేస్తున్నాననుకుని ఒక పని చేశాడు. ఆవిడ చేతిలోంచి గరుకు కాగితం తీసేసుకున్నాడు. ఇన్నాళ్ళు చేసింది చాలు, ఇక హాయిగా కూర్చో అన్నాడు. మెరుగు పని బయటివాళ్ళకి ఇవ్వడం మొదలుపెట్టాడు. వాళ్ళు చేసి తెచ్చినదాన్ని చూసి రోజూ లోలోపల కుమిలిపోయేవాడు గానీ ఆవిడ దగ్గర మాత్రం పల్లెత్తి మాట అనేవాడు కాదు. ఆవిడ వంటగదిలో, వెనక తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది.

ఇల్లు చిన్నది. వీధి వైపు గదిలో పని, తర్వాత మధ్య గది, ఆపైన వంటగది. వంటగది వెనక తలుపు తీస్తే మూడు మెట్లు, దిగితే ఎగుడుదిగుడు పెరడు, కుళాయి, బట్టలారేసే తీగ, ఒక నిమ్మచెట్టు. చూపున్నవాళ్ళకి నాలుగు అంగల్లో అయిపోయే చోటు. వదిన ఆ మెట్ల మీద ఒకసారి తూలి పడబోయింది. ఆ రోజునుంచి పెరట్లోకి వెళ్ళాలంటే మేస్త్రి చెయ్యి పట్టుకుని దింపాల్సిందే. చెయ్యి పట్టుకోవడంలో ఆయనకి లోటేమీ లేదు. ఒక్క కేక వేస్తే ఉలి కింద పడేసి పరిగెత్తుకొచ్చేవాడు. అదే ఆవిడకి నచ్చలేదు.

"ఆయన్ని తప్పు పట్టడం లేదు అమ్మాయ్" అంది ఒకరోజు నేను వెళ్ళినప్పుడు. "కానీ ఒక్క తువ్వాలు ఆరెయ్యాలన్నా మనిషిని పిలవాలి. నా గుమ్మం నేను దాటడానికి అర్జీ పెట్టుకున్నట్టుంది. ఎవరి చెయ్యీ లేకుండా నా పెరట్లోకి నేను వెళ్ళిరావాలి. అంతకుమించి నాకేమీ వద్దు."

ఈ మాట మధ్య గది అవతల చిత్రిక పడుతున్న మేస్త్రి చెవిన పడింది. నాలుగు రోజుల తర్వాత డిపోకి వచ్చి, మొద్దు మీద కూర్చుని, చెవి మీది పెన్సిల్ తీసి చెక్కముక్క మీద బొమ్మ గీశాడు. గుమ్మం ఎత్తులోనే, గోడనుంచి ఎనిమిది అడుగులు బయటికి, చెక్కతో అరుగు. డెక్ అని పెద్ద ఇళ్ళవాళ్ళు వేయించుకుంటున్నారే, అదే. మెట్లు దాని అవతలి అంచుకి పోతాయి. బట్టల తీగ కూడా ఆ అంచు దాకా జరుపుతాడు. ఆవిడ గుమ్మం దాటి చదునుగా నడుచుకుంటూ వెళ్ళి బట్టలు ఆరేసుకుని రావచ్చు. ఆలోచన చాలా బాగుందని నేనే అన్నాను.

"కింద వేసే దూలాలు నీ దగ్గర తీసుకుంటాను. పైన పలకలు నా దగ్గరున్నాయి" అన్నాడు. "అటక మీద నాలుగేళ్ళుగా దాచిన టేకు. ఒక్క ముడి లేదు, చుక్క పాల లేదు. ఎముకలా ఎండింది."

ఆ టేకు సంగతి నాకు తెలుసు. సొంత ఇంటికి బీరువా చేసుకుందామని దాచాడు. ఊరందరికీ బీరువాలు చేసిన మనిషి ఇంట్లో బట్టలు ఇనుప పెట్టెలో ఉండేవి. ఆ చెక్క ఆవిడ కాళ్ళ కింద పరుస్తానంటున్నాడు. నాకు ముచ్చటేసింది, కానీ వ్యాపారం వ్యాపారమే.

"అన్నయ్యా, ఎముకలా ఎండిందనే నా భయం. ఎండలో వానలో ఉండబోయే చెక్క ముందు బయటిగాలి తాగి ఉండాలి. నా షెడ్డు కింద ఆరునెలలనుంచీ ఉన్న పలకలున్నాయి. అవి తీసుకో."

"తడి కర్ర నాకు అంటగడతావా?"

"తడి కాదు, బయటిగాలికి అలవాటు పడింది. సరే, నీ టేకే వెయ్యి. పలకకీ పలకకీ మధ్య సందు వదులు. నీళ్ళు దిగాలి, చెక్క ఉబ్బితే దానికి చోటుండాలి."

ఆయన నన్ను ఎంతసేపు చూశాడంటే నేనేమైనా బూతు మాట అన్నానా అని అనుమానం వచ్చింది.

"సందు వదలాలా? నేనా?"

"నువ్వే."

"దాని చేతికర్ర మొన సందులో దిగబడితే?"

ఆ ఒక్క మాటతో నా నోరు మూయించాడు. వదిన చేతిలో సన్నటి కర్ర ఉండేది. అది దిగబడే మాట నిజమే. కానీ ఆయన మొహం చూస్తే అది కర్ర గురించిన భయం కాదని తెలుస్తూనే ఉంది. సాకు మంచిది దొరికితే పంతానికి పండగే.

అరుగు తయారైంది. అవతలి అంచున ఇటుకలతో చిన్న గోడ కట్టించి, ఇంటి గోడకీ దానికీ మధ్య పంతొమ్మిది పలకలు, గోడకి సమాంతరంగా, ఒకదాన్నొకటి తోసుకునేలా బిగించాడు. పైన మూడు పూతల వార్నిష్. అద్దంలో చూసుకున్నట్టు మొహం కనపడుతోంది. నన్ను పిలిచి, నా ముందే టికెట్ తీసి పంతొమ్మిది పలకల మధ్యా తోసి చూశాడు. ఎక్కడా దూరలేదు. ఆయన ఆనందం చూసి నాక్కూడా నేను చెప్పిందే తప్పేమో అనిపించింది.

వదిన గుమ్మం దాటి ఒక చేత్తో తలుపు చట్రం పట్టుకుని నిలబడింది. కర్రతో ముందుకి తడిమింది. రెండు అడుగులు వేసి వెనక్కి వచ్చేసింది.

"బాగుంది" అంది.

మేస్త్రికి ఆ మాటే వినపడింది. చట్రం మీది చెయ్యి ఆవిడ చివరిదాకా తియ్యలేదని నేను చూశాను. చూసి ఊరుకున్నాను. ఆ పూట ఎందుకు ఊరుకున్నానా అని తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను.

మూడు వారాలు ఎండ కాసింది. ఆవిడ రోజూ కాస్త దూరం వెళ్ళి వస్తోందట, చేతులు గాల్లో చాపుకుని. నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. మేస్త్రి కొలతలు తీసుకోడానికి ఎక్కడికో వెళ్ళాడు. తీగ మీద బట్టలున్నాయి. వదిన లేచి వెళ్ళింది. తడిసిన వార్నిష్ మీద కాలు జారింది. ఎడమ మణికట్టు మీద బరువు పడేలా కూలబడింది.

పడటం కాదు అసలు సంగతి. లేచి లోపలికి రావాలంటే గుమ్మం ఎటుందో ఆవిడకి తెలియలేదు. వాన చప్పుడులో ఇంటి చప్పుళ్ళు కలిసిపోయాయి. చేతికర్ర ఎటో దొర్లిపోయింది. మేస్త్రి తిరిగి వచ్చేసరికి ఆవిడ అరుగు మధ్యలో వానలోనే కూర్చుని ఉంది. ఎంతసేపటినుంచి అని అడిగితే చెప్పలేదు.

ఆ వాన నాలుగు రోజులు ఆగలేదు. ఎముకలా ఎండిన టేకు నాలుగేళ్ళ దాహం ఒకేసారి తీర్చుకుంది. వార్నిష్ పైన వేశాడు గానీ పలకల అడుగున వెయ్యలేదు, చెక్క కిందనుంచి తాగింది. ఉబ్బడానికి సందు లేదు, జరగడానికి అటు ఇటుక గోడ, ఇటు ఇంటి గోడ. ఇక పైకే దారి. మధ్యలో బెత్తెడు ఎత్తు లేచింది. స్క్రూలు పీక్కుని వచ్చాయి. బయటికి తెరుచుకునే వెనక తలుపు దానికి తగిలి బిగుసుకుపోయింది.

ఈ సంగతి నాకు ఇంకో వడ్రంగి చెప్పాడు, పళ్ళన్నీ బయటపెట్టి. "బిగువు మేస్త్రి అరుగు లేచి కూర్చుందటమ్మా, రేపో మాపో నడుస్తుంది" అన్నాడు. ఆ రోజు అతనికి నేను అమ్మిన కలపలో ముడులు కాస్త ఎక్కువే ఉన్నాయి. సాయంత్రం డిపో మూసి వాళ్ళింటికి వెళ్ళాను.

మేస్త్రి పనిగదిలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ చెత్తా చెదారం, చిత్రిక పొట్టు. నేను తిట్టడానికే వెళ్ళాను, మాటలు కూడా దారిలో సిద్ధం చేసుకున్నాను. ఆయన్ని చూశాక కోపమూ వచ్చింది, జాలీ వేసింది. వంటగదిలోకి వెళ్ళాను. వదిన మణికట్టుకి కట్టు. కుర్చీ తలుపు పక్కనుంచి పొయ్యి పక్కకి మారింది.

"ఆ తలుపుకి తాళం వేసెయ్యమన్నాను" అంది. "నాకు ఈ గది చాలు. ఇక్కడ ఏది ఎక్కడుందో నాకు తెలుసు."

మేస్త్రి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "వార్నిష్ తీసేసి గరుకు చేస్తాను. ఇక జారదు. పలకలు దించి మళ్ళీ బిగిస్తాను" అన్నాడు.

"ఏమండీ, నేను జారినందుకు బాధపడటం లేదు" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "పడ్డాక చేత్తో నేలంతా తడిమాను. పలకల అంచు దొరికితే, అవి గోడ వెంబడే పరిచారు కదా, గుమ్మం ఎటో తెలుస్తుంది. అంచు దొరకలేదు. ఎటు తడిమినా ఒకటే నునుపు. ముప్పై ఏళ్ళు మీ చెక్కలు నిమిరిన చెయ్యి ఇది. దీనికే పలక ఎటు పోతోందో తెలీలేదు. మీ పని అంత బాగుంది."

మేస్త్రి పనిని ఎవరూ ఎప్పుడూ అంత గొప్పగా పొగడలేదు, ఏ పొగడ్తా ఆయన్ని అలా నరకలేదు.

"సందులు పెట్టండి" అంది వదిన. "కాలికి తెలియాలి. దాటినప్పుడల్లా ఒకటి అని లెక్కపెట్టుకుంటాను. అప్పుడు గుమ్మం ఎంత వెనకుందో, అంచు ఎంత ముందుందో నాకు తెలుస్తుంది."

"కర్ర దిగబడితే?"

"దిగబడనంత పెట్టండి. మీకు కొలతలు నేను చెప్పాలా?"

మేస్త్రి చెవి మీది పెన్సిల్ తీశాడు. వడ్రంగి పెన్సిల్ గుండ్రంగా ఉండదు, బల్లపరుపుగా, పావు అంగుళం మందంలో ఉంటుంది. రెండు చెక్కముక్కల మధ్య దాన్ని పెట్టి దగ్గరికి తోసి, పెన్సిల్ లాగేసి, ఆ సందు మీద ఆవిడ చేతికర్ర మొన ఆనించి చూశాడు. రబ్బరు తొడుగు దిగలేదు. చెక్కముక్కలు కిందపెట్టి ఆవిడ పాదం దాని మీద పెట్టించాడు. వదిన బొటనవేలు ఆ సందు వెంబడి అటూ ఇటూ కదిలింది.

"ఇది తెలుస్తోంది" అంది. "ఇంకో మాట. ఈసారి పూత నేను వేస్తాను."

"నీకు రంగు కనపడదు కదా" అన్నాడు ఆయన, నెమ్మదిగానే.

"నూనె వెయ్యండి. నూనెకి రంగెందుకు?"

నన్నెవరూ అడగలేదు గానీ, బయట వేసే చెక్కకి నూనే సరైనదని, అది పైన పొరలా నిలవకుండా లోపలికి ఇంకుతుందని, జారదని నేను అంతకుముందే రెండుసార్లు చెప్పి ఉన్నాను.

పలకలు ఊడదీసి తెచ్చి నా షెడ్డు కిందే పెట్టారు, ఒకదాని మీద ఒకటి, మధ్యలో గాలి ఆడేలా సన్నపట్టెలు వేసి. తడి కర్ర షెడ్డుకి చివరికి ఎవరు వచ్చారో చూడమని నేనన్నాను. మేస్త్రి వినపడనట్టు చిత్రికకి పదును పెట్టుకున్నాడు. నెలన్నర ఉంచాం. ఆ నెలన్నరా ఆవిడ వెనక తలుపు తియ్యలేదు. మాటైతే అంది గానీ మళ్ళీ ఆ గుమ్మం దాటుతుందో లేదో నాకు నమ్మకం లేదు. మేస్త్రికి అంతకన్నా లేదు. రోజూ డిపోకి వచ్చి ఆరిన పలకల్నే మళ్ళీ మళ్ళీ తట్టి చూసి వెళ్ళేవాడు.

పంతొమ్మిదిలో రెండు పలకలు లేచినప్పుడే చీలిపోయాయి. మిగిలింది పదిహేడు. సందులు వదిలితే పద్దెనిమిది సరిపోతాయి, అంటే ఒకటి తక్కువ. దాన్ని ఏరడానికి వదిన ఆటోలో వచ్చింది. రెండేళ్ళ తర్వాత డిపోలో అడుగుపెట్టింది. లోపలికి రాగానే ఆగి గాలి పీల్చి "ఈ మధ్య పైన్ చెక్క ఎక్కువ తెప్పిస్తున్నావే" అంది. నిజమే, తెప్పిస్తున్నాను.

నా షెడ్డు పలకల్ని ఆవిడ ఒక్కొక్కటే చూసింది. ఎత్తి బరువు చూసేది. వేలి కణుపుతో తట్టి చెవి ఒగ్గేది. కోసిన కొన దగ్గర గోరు గుచ్చేది. పాల ఉంటే గోరు దిగుతుంది, చేవలో దిగదు. మేమైతే పలక ఒక చివర కన్ను పెట్టి చూసే వంకరని, ఆవిడ పలకని నేల మీద పెట్టి నాలుగు మూలలూ నొక్కి పట్టేసేది. ఆరు పలకలు పక్కన పెట్టేసి ఏడోదాని మీద చెయ్యి వేసి ఆగింది.

"ఇది."

మేస్త్రి వంగి చూశాడు. "ముడి ఉంది దీనికి" అన్నాడు.

"గట్టి ముడి. కదలదు. కాలికి గుర్తుంటుంది, చివర వెయ్యండి."

ఆవిడ చేత్తో తడిమి చెప్పినదానికి అడ్డు చెప్పడం ఆయనకి ముప్పై ఏళ్ళుగా అలవాటు లేదు. పలక భుజాన వేసుకున్నాడు.

వార్నిష్ పోయేదాకా పలకలన్నిటికీ చిత్రిక పట్టింది ఆయన. రుద్దింది ఆవిడ, పెరటి గుమ్మం లోపలే కూర్చుని. నున్నటి కాగితం ముట్టుకోలేదు, గరుకు రకంతోనే ఆపేసింది. మరీ నున్నగా చేస్తే నూనె లోపలికి దిగదు, అరికాలికి పట్టూ ఉండదు. తర్వాత అవిసె నూనె. గుడ్డ ముంచి పలక నిండా పోసినట్టు పట్టించడం, చెక్క తాగినంత తాగనివ్వడం, మిగిలిందాన్ని పొడిగుడ్డతో తుడిచెయ్యడం. వేళ్ళ వెనకవైపుతో నిమిరి, జిగురుగా తగిలిన చోట మళ్ళీ తుడిచేది. పలక అడుగుభాగానికి, కోసిన కొనలకి పైభాగం కన్నా ముందు పట్టించింది. ఆ మాట ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మర్నాడు రెండో పూత. నూనె గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయని మేస్త్రి వాటిని విడివిడిగా తీగ మీద ఆరేశాడు. ఆ వారం వాళ్ళ పెరట్లో బట్టలకి చోటు లేదు.

ఈసారి రెండు గోడల దగ్గరా ఖాళీ వదిలి, పెన్సిల్ పెట్టి, పలక ఆనించి, స్క్రూ బిగించి, పెన్సిల్ లాగి, మళ్ళీ పెట్టి, అలా పదిహేడు సందులు. చీలిన పలకల్లోంచి ఒక పట్టె తీసి అవతలి అంచున గట్టులా కొట్టాడు. బిగించేటప్పుడు ఆయన మొహం చూడాలి. కడుపునొప్పితో బాధపడే మనిషి కూడా అంతకన్నా హాయిగా కనపడతాడు. ఎవరైనా వీధి వైపునుంచి వస్తే ఆ సందులు వాళ్ళ కంట పడకుండా వెనక తలుపు దగ్గరికి వేసేవాడు.

అయిపోయాక వదిన ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. మేస్త్రి అడగలేదు. మూడోరోజు పొద్దున, నేను దూలాల లెక్క సరిచూడటానికి అని చెప్పి వెళ్ళాను గానీ ఇదేమైందో చూద్దామనే వెళ్ళాను. ఆవిడ చెప్పులు విప్పి గుమ్మంలో నిలబడి ఉంది. చేతికర్ర పట్టుకుంది, చట్రం పట్టుకోలేదు.

మెల్లగా నాలుగు సందులు దాటి ఆగింది. వదిన వెనక్కి తిరిగి "ఏమండీ, నాలుగోది ఇరుగ్గా ఉంది" అంది.

"పెన్సిల్ పెట్టే కదా బిగించాను" అన్నాడు మేస్త్రి.

"పెట్టారు. పట్టించలేదు, ఇరికించారు."

ఆయన వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని పెన్సిల్ దూర్చాడు. దూరింది గానీ బిగుతుగా దూరింది. మిగతావాటిలో వదులుగా జారుతోంది. పాత చెయ్యి అక్కడ ఒక్కచోట ఊరుకోలేకపోయింది కాబోలు. బిగువు మేస్త్రి పని బిగుతుగా ఉందని పెళ్ళాం తప్పు పట్టిన రోజు అది. ఆయన స్క్రూలు విప్పి, పలక జరిపి, మళ్ళీ బిగించాడు. అంతసేపూ వదిన అరుగు మధ్యలో ఒక్కతే నిలబడి ఉంది. ఎవరూ పట్టుకోలేదు, ఆవిడ ఎవరికోసమూ చెయ్యి చాపలేదు. అది ఇద్దరూ గమనించినట్టు లేరు, పనిలో పడ్డారు.

ఆ తర్వాత వదిన ఒక షరతు పెట్టింది. తను బయటికి వెళ్ళేటప్పుడు ఆయన వెనక గుమ్మంలో నిలబడకూడదు. "మీరు చూస్తున్నారని నాకు తెలుస్తుంది. లెక్క తప్పుతుంది" అంది. మేస్త్రి ఒప్పుకున్నాడు.

టికెట్ ఇప్పటికీ ఆయన జేబులోనే ఉంది, బీరువాలకి. మెరుగు పనులు బయటికి పంపడం మానేశాడు. రంగు డబ్బాలు మాత్రం ఆయన తీసి ఇస్తాడు, మిగతాదంతా ఆవిడదే. అరుగు సంగతి వడ్రంగులెవరైనా ఎత్తితే, అది నా పని కాదు, మా ఆవిడ పని అంటాడు.

రెండు వానాకాలాలు గడిచాయి. మొన్న ఒక వాన వెలిసిన పొద్దున కొత్త టేకు వచ్చిందని చెప్పడానికి వెళ్ళాను. మేస్త్రి పనిగదిలో, పెరటికి వీపు పెట్టి, ఒక తలుపు పలకకి చిత్రిక పడుతున్నాడు. వంటగది అవతల వెనక తలుపు కిర్రుమంది. ఆయన చిత్రిక ఆగిపోయింది. నేను చెప్పబోతున్న మాట ఆపమన్నట్టు చెయ్యి చూపించాడు. వెనక్కి తిరగలేదు. అరుగు మీద కర్ర చప్పుడు, దాని వెనక చెప్పుల్లేని కాళ్ళు. మేస్త్రి పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. పదకొండు, పన్నెండు. పద్నాలుగు దగ్గర కర్ర కాసేపు వినపడలేదు. ఆయన చిత్రిక పక్కన పెట్టాడు, అయినా ఉన్నచోటునుంచి కదల్లేదు. మళ్ళీ వినపడింది. పదిహేను, పదహారు, పదిహేడు. తీగ మీద తడిబట్ట దులిపిన చప్పుడు వచ్చింది.

"ఏదో చెప్పబోయావు, చెప్పు చెల్లెమ్మా" అన్నాడు ఆయన, మళ్ళీ చిత్రిక పడుతూ.